మీటరు చెప్పని లెక్క!

చేవెళ్ల నుంచి పూలూ కూరగాయలూ నింపుకుని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు బయల్దేరిన డీజిల్ వ్యాను, లంగర్‌హౌస్ దాటాక నత్తనడకే. కిలోమీటర్లు పెరగవు. ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆయిల్ ఎప్పుడు మార్చాలన్న లెక్క తప్పేది ఇక్కడే!

ట్రాక్టరుకు ఈ తిరకాసు లేదు. గంటల మీటరుంటుంది. మోడల్‌ని బట్టి 250 గంటలకో, ఇంకాస్త ఎక్కువకో మార్చమంటాయి కంపెనీలు. వ్యాను పుస్తకంలో కిలోమీటర్లతోపాటు గడువూ రాసి ఉంటుంది. ఏది ముందొస్తే అదే లెక్క. బరువులూ దుమ్మూ ట్రాఫిక్కూ ఎక్కువైతే ఇంకా ముందే మార్చాలి. లేదంటే బేరింగులు అరిగి ఇంజిన్ బోరుకొస్తుంది. సీజన్ సంపాదనంతా షెడ్డు పాలు!

ఇక మొయినాబాద్ ఫామ్‌హౌసుల్లో ఆదివారాలు తప్ప కదలని డీజిల్ బండ్లది మరో కథ. పది నిమిషాల ప్రయాణానికి ఇంజిన్ సరిగా వేడెక్కదు. లోపలి తేమ ఆవిరి కాక ఆయిల్‌లోనే ఉండిపోతుంది. తిరిగినా తిరక్కపోయినా ఏడాదికోసారి మార్చాల్సిందే.

నల్లబడిందని మాత్రం కంగారొద్దు. మసిని పట్టి ఉంచడం ఆయిల్ పనే. కానీ కడ్డీ మీద మట్టం పెరిగిందా... డీజిలో నీళ్లో కలుస్తున్నాయేమో, వెంటనే మెకానిక్‌కి చూపించాలి.

మరి తీసిన ఆయిల్? చాలామంది గట్టున పారబోస్తారు. మొయినాబాద్‌కు అటు 1920 నాటి ఉస్మాన్‌సాగర్, ఇటు 1927 నాటి హిమాయత్‌సాగర్. వానొస్తే ఆ జిడ్డు చేరేది అక్కడికే. డబ్బాలో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ కేంద్రానికి చేర్చే షెడ్డులో ఇస్తే సరి.