కండరాల జబ్బు చాటున కేన్సర్ దాగకూడదు

పట్టుకున్న తలుపు గడియను వెంటనే వదల్లేకపోవడం, నడివయసులోనే కంటి శుక్లాలు, పగటిపూట మగత, గుండె లయ తప్పడం. ఇవి మయోటానిక్ డిస్ట్రోఫీ లక్షణాలు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. ఈ జబ్బున్న వారికి కొన్ని రకాల కేన్సర్ల ముప్పు కూడా ఎక్కువే.

స్వీడన్, డెన్మార్క్ దేశాల్లో 1,658 మంది రోగుల వివరాలు పరిశీలించి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. వారిలో 104 మందికి కేన్సర్ వచ్చింది. మామూలు జనంలోనైతే అందులో సగం మందికే వచ్చేది. గర్భాశయం లోపొర కేన్సర్ ఏడు రెట్లకు పైగా, మెదడు, అండాశయ కేన్సర్లు అయిదు రెట్లు, పెద్దపేగు కేన్సర్ దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించాయి. అయినా అత్యధికులకు కేన్సర్ రాలేదన్న సంగతి మరవకూడదు. ఈ లెక్కలను డుషెన్ వంటి ఇతర కండర క్షీణతలకు వర్తింపజేయకూడదు.

ఈ జబ్బులో ప్రధాన రకానికి మూలం 19వ క్రోమోజోమ్‌లో ఉంది. డీఎంపీకే అనే జన్యువులో సీటీజీ అనే మూడక్షరాల ముక్క ఆరోగ్యవంతుల్లో 5 నుంచి 34 సార్లు ఉంటుంది. రోగుల్లో 50 దాటి, కొందరిలో వేలకు చేరుతుంది. దాన్నుంచి పుట్టే ఆర్‌ఎన్‌ఏ, కణానికి అవసరమైన కొన్ని ప్రొటీన్లను తనలో బంధించేస్తుంది. అందుకే దెబ్బ కండరాలతో ఆగదు.

అసలు ప్రమాదం, కొత్త లక్షణాన్ని కూడా పాత జబ్బు ఖాతాలో వేసేయడం. మలబద్ధకం, కడుపునొప్పి ఈ జబ్బులో మామూలే. కానీ మలంలో రక్తం పడినా, మలవిసర్జన తీరు కొత్తగా మారినా వెంటనే చూపించుకోవాలి. ముట్లుడిగాక రక్తస్రావం కనిపించినా, కొత్తగా మూర్ఛలు గానీ, విడవని తలనొప్పి గానీ మొదలైనా అంతే. వయసుకు తగ్గట్టు అందరికీ చేసే కేన్సర్ పరీక్షలను, నడవడం కష్టమని మానుకోవద్దు.

కొలనోస్కోపీకి గానీ ఆపరేషన్‌కు గానీ వెళ్లేముందు మత్తు డాక్టరుకు ఈ జబ్బు సంగతి తప్పక చెప్పాలి. మత్తుమందులు, మార్ఫిన్ వంటి నొప్పి మందులు వీరి శ్వాసను ప్రమాదకరంగా మందగింపజేయగలవు. ముందే తెలిస్తే గుండెకు ఈసీజీ తీసి, మందులు చూసి ఎంచుకుని, తర్వాత కూడా కనిపెట్టుకుని ఉంటారు. జబ్బు పేరు రాసిన చీటీని ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి. ఇంట్లోవారికీ ఆ పేరు నేర్పండి.