గర్జించే ముద్ర: మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సింహ చిహ్న పరిణామం

వ్యాససంగ్రహం:
చలనచిత్రం ప్రారంభానికి ముందు తెరపై కనిపించే నిర్మాణ సంస్థ చిహ్నాన్ని కథలో భాగంగా ఎవరూ పరిగణించరు. చిత్ర విశ్లేషణలోనూ దానికి చోటు అరుదు. అయితే ఆ కొద్ది క్షణాల దృశ్యంలో సాంకేతికత, వాణిజ్యం, యాజమాన్యం అనే మూడింటి చరిత్ర నిక్షిప్తమై ఉంటుంది. హాలీవుడ్‌లోని మెట్రో గోల్డ్‌విన్ మేయర్ (ఎం.జి.ఎం.) సంస్థ సింహ చిహ్నం ఒక శతాబ్ద కాలంలో పొందిన మార్పులను పరిశీలించి, సినిమా చరిత్ర రచనకు అటువంటి చిహ్నాలు ఆధారాలుగా ఎంతవరకు ఉపకరిస్తాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: సంస్థా చిహ్నం, ఎం.జి.ఎం., సింహం, ధ్వని, టెక్నికలర్, యాజమాన్యం, చలనచిత్ర చరిత్ర.

1. ఉపోద్ఘాతం:
బూరలూదే కవల బాలురు తెరపై కనిపించగానే అది జెమినీ వారి చిత్రమని పాతతరం తెలుగు ప్రేక్షకులు గుర్తించేవారు. పేరు చదవలేనివారికి సైతం బొమ్మ సంస్థను పరిచయం చేసేది. ప్రపంచ సినిమాలో ఇటువంటి గుర్తింపును అత్యంత విస్తృతంగా పొందిన చిహ్నాల్లో ఎం.జి.ఎం. సింహం ఒకటి. సాధారణ ప్రేక్షకుని దృష్టిలో అది ఎన్నడూ మారని చిహ్నం. నిశితంగా పరిశీలిస్తే జంతువు మారింది, గొంతు మారింది, చివరకు సంస్థ యజమానులూ మారారు. మారనిది మారనట్టు కనిపించడం ఒక్కటే. ఈ వైరుధ్యమే ప్రస్తుత పరిశీలనకు కేంద్రం.

2. చిహ్నం పుట్టుక:
సింహం ఎం.జి.ఎం. కంటే వయసులో పెద్దది. 1916లో స్థాపితమైన గోల్డ్‌విన్ పిక్చర్స్ సంస్థ కోసం ప్రచార నిపుణుడు, గీత రచయిత హోవార్డ్ డీట్జ్ దీనిని రూపొందించాడు. ఆయన కొలంబియా విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థి. ఆ విశ్వవిద్యాలయ క్రీడాజట్ల గుర్తు సింహమే. సింహం తల చుట్టూ ఫిలిం చుట్టను వలయంగా అమర్చి, దానిపై ‘ఆర్స్ గ్రాషియా ఆర్టిస్’ అనే లాటిన్ వాక్యాన్ని ఉంచారు. కళ కళ కోసమే అని దాని భావం. టిక్కెట్ల అమ్మకంపై ఆధారపడిన వ్యాపార సంస్థ ఈ ఆదర్శాన్ని నినాదంగా స్వీకరించడం గమనార్హం. చలనచిత్రం కళగా గౌరవం కోరుకుంటున్న కాలపు ఆకాంక్ష ఇందులో వ్యక్తమవుతుంది.

1924లో మార్కస్ లోవ్ నాయకత్వాన మెట్రో, గోల్డ్‌విన్, లూయీ బి. మేయర్ సంస్థలు విలీనమై ఎం.జి.ఎం. ఏర్పడింది. అప్పటికే శామ్యూల్ గోల్డ్‌విన్ తన సంస్థ నుండి వైదొలగాడు. వ్యక్తి వెళ్లిపోయినా అతని పేరు, అతని సంస్థ సింహం కొత్త సంస్థకు సంక్రమించాయి. చిహ్నానికీ దాని మూలానికీ మధ్య సంబంధం తెగిపోవడం ఇక్కడే మొదలైంది.

3. మౌనం నుండి గర్జనకు:
విలీనానంతరం మొదటగా తెరపై కనిపించిన సింహం పేరు స్లాట్స్. 1928 వరకు మూకీ చిత్రాల ముందు అది అటూ ఇటూ చూసేది తప్ప గర్జించేది కాదు. దాని తర్వాత వచ్చిన జాకీ ఈ చరిత్రలో కీలకమైన మలుపు. 1928లో విడుదలైన ‘వైట్ షాడోస్ ఇన్ ది సౌత్ సీస్’ చిత్రానికి ముందుగా ధ్వనిముద్రణ చేసిన సంగీతాన్ని, శబ్దాలను జతచేశారు. జాకీ గర్జన ప్రేక్షకులకు మొదట వినిపించింది ఆ చిత్రంతోనే. శబ్దం ఇంకా వింతగా ఉన్న ఆ సంధికాలంలో, కథ మొదలుకాకముందే ‘ఈ చిత్రం వినబడుతుంది’ అని గర్జన ప్రకటించింది. అంటే చిహ్నం సంస్థ పేరుతో పాటు సాంకేతిక సామర్థ్యాన్నీ చాటింది.

సింహం ముందు కెమెరాను, ధ్వనిగ్రహణ పరికరాన్ని ఉంచి చిత్రీకరిస్తున్న నాటి ఛాయాచిత్రం ప్రసిద్ధం. సింహాన్ని బల్లకు కట్టివేసి చిహ్నాన్ని చిత్రీకరించారని చూపే మరొక ఛాయాచిత్రం కూడా ప్రచారంలో ఉంది. అది వైద్యపరీక్ష చేయించుకుంటున్న వేరొక సింహానిది. దానికీ ఈ సంస్థకూ సంబంధం లేదు. అయితే ప్రచారం కోసం జంతువును ప్రమాదంలోకి నెట్టిన సందర్భం వాస్తవంగానే ఉంది. 1927లో సంస్థ సింహాన్ని విమానంలో అమెరికా తూర్పు తీరానికి తరలిస్తుండగా విమానం అరిజోనా కొండల్లో కూలింది. చోదకుడు మార్టిన్ జెన్సెన్, సింహం ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. రాజసానికి ప్రతీకగా తెరపై నిలిచిన జీవి తెర వెనుక సరుకుగా ప్రయాణించిందన్న విషయాన్ని ఈ ఘటన గుర్తుచేస్తుంది.

4. వర్ణ ప్రవేశం:
రెండు రంగుల టెక్నికలర్ ప్రయోగాల కాలంలో టెల్లీ, కాఫీ అనే సింహాలను వినియోగించారు. మూడు రంగుల టెక్నికలర్ వచ్చాక 1934 నుండి వర్ణచిత్రాల్లో టానర్ కనిపించింది. నలుపు తెలుపు చిత్రాలకు జాకీ కొనసాగింది. ఆ విధంగా రెండు దశాబ్దాలకు పైగా ఒకే సంస్థకు ఏకకాలంలో రెండు సింహాలు ప్రాతినిధ్యం వహించాయి. తెలుగు ఇళ్లలో టెలివిజన్ ద్వారా పరిచయమైన పాత ‘టామ్ అండ్ జెర్రీ’ వర్ణచిత్రాల ముందు కనిపించేది టానరే.

ఈ విభజనకు ఆసక్తికరమైన మినహాయింపు ‘ది విజార్డ్ ఆఫ్ ఓజ్’ (1939). అది వర్ణచిత్రంగా ప్రసిద్ధమైనా దాని ఆరంభ భాగం గోధుమ ఛాయలో సాగుతుంది. అందువల్ల ముందు కనిపించే సింహం కూడా అదే ఛాయలోని జాకీ. రంగును ముందుగానే బయటపెట్టకుండా దాచి ఉంచడానికి చిహ్నం తోడ్పడింది. చిహ్నం కథకు వెలుపలిదన్న సామాన్య అభిప్రాయాన్ని ఈ ఉదాహరణ సవరిస్తుంది.

5. అతిక్రమణలు, ప్రయోగాలు:
1956లో వచ్చిన జార్జ్ కొద్దికాలమే నిలిచింది. 1957లో ప్రవేశించిన లియో నేటి రూపానికి ఆధారం. చిత్రీకరణ నాటికి అది చిన్న వయసుది కావడంతో దాని జూలు మునుపటి సింహాల జూలు కన్నా తక్కువగా కనిపిస్తుంది. ‘లియో’ అనేది ఒక సింహం పేరే కాక, ప్రచారంలో అన్ని సింహాలకూ వాడిన ఉమ్మడి పేరు కూడా. అనేక జంతువులను ఒకే పేరు కింద చేర్చడం వల్లనే ‘మారని సింహం’ అనే భావన సాధ్యమైంది.

‘బెన్-హర్’ (1959)లో సింహం గర్జించదు. క్రీస్తు జనన దృశ్యంతో మొదలయ్యే చిత్రానికి గర్జన అనుచితమని దర్శకుడు విలియం వైలర్ భావించడమే అందుకు కారణం. ఇందుకు భిన్నంగా 1963 తర్వాత చక్ జోన్స్ తీసిన ‘టామ్ అండ్ జెర్రీ’ చిత్రాల్లో వలయంలోని సింహం స్థానాన్ని టామ్ ఆక్రమించి ‘మ్యావ్’ అంటుంది. ఒకటి భక్తితో మౌనం, మరొకటి హాస్యంతో అనుకరణ. గర్జన ప్రేక్షకుని మనసులో అప్పటికే స్థిరపడి ఉండటం వల్లనే ఈ రెండూ అర్థవంతమయ్యాయి.

1960ల రెండవ భాగంలో సంస్థ ప్రాణమున్న సింహాన్నే పక్కనపెట్టే ప్రయత్నం చేసింది. ‘గ్రాండ్ ప్రి’ (1966), ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ (1968) చిత్రాల్లో కదలని రేఖాచిత్ర సింహాన్ని ఉపయోగించారు. ఆధునికంగా కనిపించాలన్న ఆ ప్రయోగం తెరపై నిలవలేదు. ఆ రేఖాచిత్రం సంస్థ సంగీత విభాగానికి గుర్తుగా మిగిలింది, తెరపైకి లియో తిరిగి వచ్చింది.

6. గొంతు మార్పిడి:
1982లో ‘పోల్టర్‌గైస్ట్’ కాలంలో ధ్వని నిపుణుడు మార్క్ మాంజీనీ గర్జనను కొత్తగా రూపొందించాడు. ఇందుకు ఆయన పులి గర్జనలను వినియోగించాడు. భీకరత్వం గురించి ప్రేక్షకులు ఊహించుకున్న స్థాయిని నిజమైన సింహం గొంతు అందుకోలేదన్నది ఆయన వివరణ. అంటే ఆ తర్వాతి తరాలు సింహగర్జనగా గుర్తుంచుకున్న ధ్వని పులిది. 1980లలో అమెరికాలో గర్జన ధ్వని వాణిజ్య చిహ్నంగా కూడా నమోదైంది. 2021లో జంతువు స్థానాన్ని కంప్యూటర్ రూపకల్పన ఆక్రమించింది. లియో పోలికలను అనుసరించిన ఈ రూపంలో నినాదం మొదట ఆంగ్లంలో కనిపించి ఆపై లాటిన్‌గా మారుతుంది. 1928లో నిజమైన సింహపు నిజమైన గొంతు సాంకేతిక విజయంగా నిలిస్తే, 2021లో సింహం లేకుండా సింహాన్ని చూపడం సాంకేతిక విజయమైంది.

7. యాజమాన్యం – ఆధార సమస్య:
1986లో టెడ్ టర్నర్ ఈ సంస్థను కొని, కొద్దికాలంలోనే అధిక భాగాన్ని తిరిగి అమ్మివేశాడు. అయితే అప్పటి వరకు నిర్మితమైన చిత్రాల భాండాగారాన్ని తన వద్దే ఉంచుకున్నాడు. అది తదనంతరం వార్నర్ సంస్థ అధీనంలోకి వెళ్లింది. కల్వర్ సిటీలోని చారిత్రక స్టూడియో స్థలం చేతులు మారి సోనీ పరమైంది. 2010లో సంస్థ దివాలా రక్షణ కోరింది. 2022లో అమెజాన్ దానిని స్వాధీనం చేసుకుంది. ఫలితంగా, జాకీ గర్జించే పాత చిత్రాల హక్కులు నేటి ఎం.జి.ఎం. వద్ద లేవు. సంస్థ ఖండఖండాలైనా చిహ్నం అఖండంగా ఉన్నట్టే కనిపిస్తుంది.

పరిశోధకునికి ఇక్కడొక ఆచరణాత్మక సమస్య ఎదురవుతుంది. తెరపై కనిపించే సింహాన్ని బట్టి ప్రతి తయారైన కాలాన్ని స్థూలంగా అంచనా వేయవచ్చు. పునర్విడుదలలో లేదా టెలివిజన్, వీడియో ప్రతుల్లో పాత చిహ్నాన్ని తొలగించి కొత్తది అతికిస్తే ఆ ఆధారం నశించడమే కాక తప్పుదారి కూడా పట్టిస్తుంది. తాళపత్ర ప్రతిలోని గద్యను పరిష్కర్త విస్మరించకూడనట్టే, చలనచిత్ర ప్రతిలోని ఆరంభ చిహ్నాన్ని పరిశోధకుడు విస్మరించకూడదు.

8. ముగింపు:
ఎం.జి.ఎం. సింహ చిహ్న పరిణామాన్ని పరిశీలించినపుడు మూడు అంశాలు స్పష్టమవుతాయి. ధ్వని, వర్ణం, కంప్యూటర్ చిత్రకల్పన వంటి సాంకేతిక మార్పులు చిహ్నంపై నేరుగా ముద్ర వేశాయి. ప్రత్యేక సందర్భాల్లో చిహ్నం కథతో అనుసంధానమైంది. సంస్థ ఆస్తులు విడిపోయిన కొద్దీ చిహ్నం అవిచ్ఛిన్నత అనే భ్రమను నిలిపింది. కాబట్టి చిత్రాల వివరపట్టికలను తయారుచేసేవారు, పాత ప్రతులను డిజిటల్ రూపంలోకి మార్చేవారు ఆరంభ చిహ్నాన్ని యథాతథంగా భద్రపరచి, అది ఏ ప్రతి నుండి లభించిందో నమోదు చేయడం అవసరం. జెమినీ కవలల వంటి దక్షిణాది సంస్థల చిహ్నాలను ఇదే పద్ధతిలో కాలక్రమానుసారంగా పరిశీలిస్తే తెలుగు చలనచిత్ర చరిత్రకు కొత్త ఆధారాలు చేకూరగలవు.