వీపు మీద ఆ తట్టుడెందుకు?

పెద్దాస్పత్రి వార్డులో తెల్లకోటు కుర్రాళ్లు నలుగురైదుగురు మంచం చుట్టూ చేరి రోగి వీపు మీద వేలితో టకటకా తడుతుంటారు. మందివ్వకుండా ఈ తట్టుడేమిటని విసుక్కునేవారూ లేకపోలేదు. ఊపిరితిత్తుల వైద్యంలో విద్యార్థులు నేర్చే తొలి పాఠాల్లో ఇదొకటి.

పల్లెవాసులకు ఇది కొత్త విద్యేం కాదు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూడమా? డబ్బాలో నూనె ఎంతవరకు ఉందో బయట తట్టి చెప్పమా? ఆస్ట్రియా వైద్యుడు అవెన్‌బ్రుగ్గర్ 1761లో పుస్తకం వేసి చెప్పిందీ ఇదే. ఆయన తండ్రిది పూటకూళ్ల ఇల్లు. అక్కడ ద్రాక్షసారా పీపాలను తట్టి చూడటం నుంచే ఈ ఆలోచన వచ్చిందంటారు.

గాలి నిండిన ఊపిరితిత్తి మీద తడితే బోలుగా మోగుతుంది. నెమ్ము చేసి గట్టిపడితే మోత తగ్గుతుంది. నీరు చేరితే రాతిని కొట్టినట్లే. ఎడమచేతి నడిమి వేలిని పక్కటెముకల సందున ఆనించి, కుడిచేతి నడిమి వేలి కొసతో, మణికట్టు మాత్రమే ఆడిస్తూ కొట్టాలి. ఒకవైపు తట్టిన చోటే రెండోవైపూ తట్టి పోల్చాలి. పదుల మందిని తడితేగాని చెవికి తేడా పట్టదు. "ఒకటి, ఒకటి" అనమని స్టెతస్కోపు పెట్టేదీ అందుకే. గట్టిపడిన చోట మాట స్పష్టంగా వినిపిస్తుంది, నీరుంటే అణిగిపోతుంది.

చేతివాటం ఒక్కటే చాలదు, అడగడమూ రావాలి. క్వారీ కూలీ దగ్గుకు మూలం రాతిధూళి కావచ్చు. చుట్ట ముట్టని ఇల్లాలి ఆయాసానికి మూలం ఏళ్లుగా పీల్చిన కట్టెపొయ్యి పొగ కావచ్చు.

తొందరపడి క్షయ అనకూడదని చెప్పడానికి మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరమే సాక్షి. అక్కడి క్షయ ఆస్పత్రిలో కొందరికి దగ్గు, ఆయాసం, ఎక్స్‌రేలో మచ్చలు కనిపించాయి. అచ్చం క్షయే అనిపించేది. కాని అది క్షయ కాదని డాక్టర్లు ఫ్రిమాట్ మోలర్, బార్టన్ 1940లో ప్రకటించారు. మన ఊళ్లలో "ఇస్నోఫీలియా" అనే దగ్గు జబ్బుల్లో అదొకటి. దానికి కారణం బోదకాలు తెచ్చే పురుగు జాతేనని తర్వాత తేలింది.

ఇంత పాఠం ఉన్న ఈ విభాగం, జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో విడుదల చేసిన నిబంధనల్లో, ఎం.బి.బి.ఎస్. కళాశాలకు తప్పనిసరి విభాగాల జాబితాలో లేకుండా పోయింది. ఊపిరితిత్తుల వైద్యులు అభ్యంతరం తెలిపారు. జనరల్ మెడిసిన్ వారూ ఈ పాఠాలు చెప్పగలరు, నిజమే. కాని ప్రపంచంలో క్షయ రోగులు అందరికంటే ఎక్కువున్నది మన దేశంలో. మండలంలోని ఆరోగ్య కేంద్రానికి వచ్చే డాక్టరు సాధారణంగా ఎం.బి.బి.ఎస్. చదివినవారే. దగ్గుతో వెళితే ముందు చూసేది ఆయనే గదా!

ఒంట్లో బాగాలేనప్పుడు అయిదుగురు తట్టడం కష్టమే. వద్దనే హక్కు రోగికి ఉంది. సరేనంటే మాత్రం దగ్గు ఎన్నాళ్లుగా ఉందో, బిళ్లలు మధ్యలో మానేశారో దాచకుండా చెప్పాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు ప్రభుత్వ ఆస్పత్రుల్లో కఫం పరీక్ష ఉచితం.