'మాంగో' శబ్ద విచారము

బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పండును గూర్చి వ్రాయు విద్యార్థులు కొందఱు ఆంగ్లేయుల 'మాంగో' మన 'మామిడి'కే వికృతియని చెప్పుట మేము చూచితిమి. స్వభాషాభిమానము మెచ్చదగినదే, కాని ఈ వ్యుత్పత్తి నిలువదు. 'మామిడి'లోని డకారమేమైనది? 'మాంగో'లోని గకార మెక్కడిది?

ఆంగ్లమునకు ఈ పదము పోర్చుగీసు 'మాంగ' నుండి వచ్చినది. 1498లో వాస్కో డ గామా చేరినది కోళిక్కోడు తీరము. అచటి మలయాళమున మామిడికాయ 'మాఙ్ఙ', తమిళమున 'మాంగాయ్'. 'మా' యనగా మామిడిచెట్టు, 'కాయ్' యనగా కాయ. నడుమ అనునాసికము చేరగా కకారము గకారముగా పలుకబడినది. మలయాళమున ఆ గకారము సైతము అనునాసికమున లీనమైనది. మలయ్ భాషలోని 'మంగ్గ' ద్వారమున వచ్చెననువారును కలరు గాని, అదియు ద్రావిడమునుండి పోయినదే యని పండితుల తలంపు.

ఈ పరిణామమునకు సాక్ష్యము కోరి కేరళమునకు పోనక్కరలేదు. రాయలసీమలో కొబ్బరికాయను 'టెంకాయ' యందురు. తమిళమున అది 'తేంగాయ్', మలయాళమున 'తేఙ్ఙ'. టెంకాయలో కాయ యున్నట్లే మాంగోలోను కాయ యున్నది. 'మాంగో పండు' అనువారు 'మామిడికాయ పండు' అనుచున్నారన్నమాట! మన 'మావి', 'మామిడి', కన్నడ 'మావు' శబ్దములందును ఆ 'మా' యే కలదు. కావున తెలుగు పదము మాంగోకు జ్ఞాతియే గాని జనకము కాదు.

అర్థమున జరిగిన మార్పు మఱింత వింత. ఓడప్రయాణమున పండు నిలువదు గనుక 17వ శతాబ్దిలో ఇంగ్లండు చేరినవి ప్రాయికముగా ఊరవేసిన కాయలు. అందుచే 'మాంగో' శబ్దమునకు ఊరగాయ యను అర్థమేర్పడినది. దోసకాయ మొదలగువానిలో మసాలా కూరి ఊరవేయుటకు అదే క్రియగాను వాడబడినది. అమెరికాలో కొన్ని తావుల బుట్టమిరపకాయకు సైతము 'మాంగో' యను పేరు పడినది. ఆవకాయ నెఱిగిన మనకు ఇది ఆశ్చర్యము గొల్పదు: పదములోని కాయ తన పని తాను చేసినది.

ఇక బనగానపల్లె పండునకు గల రెండవ పేరు 'బేనిషాన్'. 1948 వరకు ఆ ఊరు నవాబుల సంస్థానము. ఫారసీలో 'బే' అభావార్థకము, 'నిషాన్' గుర్తు. మచ్చ లేనిదని అర్థము చెప్పుదురు. ఈ రకపు పండు తొక్క పలుచనై, నునుపై, మచ్చలు లేక పసుపువన్నెతో నుండును గాన, ఆ అర్థమును త్రోసివేయ నవసరము మాకు కానరాదు.