సైడ్‌కార్ మన మాట వినాలంటే...

"అమ్మాయ్, ఈ తొట్లో కూర్చోబెట్టి నన్ను కాలవలో పోసేస్తావా ఏం?" అన్నారు మా అత్తగారు మొదటిరోజున. నవ్వేశాను. పదిహేను రోజులు తిరక్కుండానే అంత పనీ అవబోయింది. కాకపోతే అప్పుడు తొట్లో ఆవిడ లేరు.

1995 నాటి మాట ఇది. మేం గుడివాడలో ఉండేవాళ్లం. అత్తగారి పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక దగ్గర ఓ పల్లె. 1977 నవంబరు 19 ఉప్పెనకి ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే. ఏటా ఆ రోజుకి ఆవిడ అక్కడ ఉండి తీరాల్సిందే. మోకాళ్లు పట్టేశాక బస్సు మెట్లు ఎక్కలేకపోయేవారు. స్కూటర్ వెనక కూర్చుంటే కుదుపుకి ఎక్కడ జారిపోతానో అని భయం. మా వారు బందరులో ఒక పెద్దాయన దగ్గర పాత సైడ్‌కార్ కొనుక్కొచ్చి, మా బజాజ్ చేతక్‌కి ఎడంపక్కన బిగింపించారు.

ఆయనకి క్యాంపులెక్కువ. కనక బండి నడిపేది నేనే. మూడో చక్రం వచ్చిందిగా, ఆగినచోట కాలు ఆన్చక్కర్లేదు, ఇంకేం భయం అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

మొదట్నుంచీ బండి ఎడమకి లాగేది. గంటసేపు తోలితే భుజాలు పడిపోయేవి. బిగించినతన్ని అడిగితే "అలవాటైపోతుంది మేడమ్" అన్నాడు. ఒకరోజు అత్తగారిని చల్లపల్లిలో బంధువులింట దింపి ఒక్కదాన్నే తిరిగొస్తున్నాను. కూచిపూడి దాటాక ఎడమ మలుపు. తొట్టి ఖాళీ. చక్రం గాల్లోకి లేచింది. కంగారులో గట్టిగా బ్రేకు తొక్కాను. బండి కుడికి తిరిగి, రోడ్డుకి అడ్డంగా దూసుకుపోయి కాలవ గట్టుమీద తుమ్మచెట్టు దగ్గర ఆగింది. మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతే. ఎదురుగా లారీ రాలేదు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను.

మర్నాడే బందరు వెళ్లాం. బుల్లెట్ సైడ్‌కార్లు బాగుచేసి చేసి తల పండిన సాయిబుగారు ఒకాయన ఉన్నారని తెలిసింది. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది బిగించలేదమ్మా, తగిలించారు" అన్నారు.

ఆ తర్వాత ఆయన చెప్పినవి నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. సైడ్‌కార్ తగిలిస్తే అది ఇక స్కూటర్ కాదు. స్కూటర్ని మలుపులో వాల్చి తిప్పుతాం. దీన్ని వాల్చలేం, హ్యాండిల్‌తోనే తిప్పాలి. యాక్సిలరేటర్ తిప్పితే పక్కనున్న బరువు వెనక్కి గుంజుతుంది, బండి ఎడమకి పోతుంది. బ్రేకు వేస్తే ఆ బరువే ముందుకు తోస్తుంది, బండి కుడికి, అంటే ఎదురొచ్చే వాహనాల మీదికి పోతుంది. ఈ రెండూ పూర్తిగా పోవు. చక్రాలు సరిగ్గా సర్దితే చేతికి లొంగేంతగా తగ్గుతాయి.

సర్దడానికి చదునైన నేల కావాలి. తెలిసినవాళ్ల రైసుమిల్లులో ధాన్యం ఆరబోసే సిమెంటు చప్టా దొరికింది. ముందు మూడు టైర్లలో గాలి సరిచేశారు. స్కూటర్ రెండు చక్రాలకీ ఆనించి ఒక తిన్నని చెక్క, సైడ్‌కార్ చక్రానికి ఆనించి ఇంకోటి నేలమీద పెట్టారు. ఆ రెండు చెక్కల మధ్య దూరం ముందువైపు ఎంత, వెనకవైపు ఎంత అని టేపుతో కొలిచారు. ముందు దూరం అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా తక్కువ ఉండాలిట. అంటే మూడో చక్రం స్కూటర్ వైపు ఇసుమంత చూస్తూ ఉండాలన్నమాట. మాది సరిగ్గా తిరగబడి ఉంది! ముందు దూరమే ఎక్కువ. ఎడమకి లాగక ఏం చేస్తుంది పాపం? అలాగని మరీ ఎక్కువ తిప్పేసినా టైరు చెక్కేసినట్టు అరిగిపోతుంది.

తర్వాత వాలు. నిండు బిందె ఎడం చంకనెత్తుకుంటే మనం నడుము కుడికి వంచుతాం కదా, బండీ అంతే. ఖాళీగా ఉన్నప్పుడు స్కూటర్ కుడికి ఒకటి రెండు డిగ్రీలు వాలి ఉండాలి, మనుషులెక్కితే దాదాపు నిటారుగా రావాలి. మన రోడ్లు నడుమ ఎత్తుగా ఉండి ఎడమ అంచుకి దిగుతాయి కాబట్టి ఈ వాలు మరీ అవసరం. తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకునే దారం, గుండుతో దీన్ని చూశారు. బియ్యం బస్తా పెట్టి చూద్దామంటే సాయిబుగారు ఒప్పుకోలేదు. "రోజూ ఎవరు కూర్చుంటారో వాళ్లే కూర్చోవాలి" అన్నారు. అత్తగారు మిల్లు చప్టా మధ్య తొట్లో గంటన్నర కూర్చున్నారు, చేతిలో బందరు లడ్డూ పొట్లంతో.

సైడ్‌కార్ చక్రం ఇరుసు, స్కూటర్ వెనక చక్రం ఇరుసు కన్నా కొంచెం ముందుకి ఉండాలి. మాది రెండూ ఒక వరసలో ఉంటే అదీ జరిపారు. ఇక బోల్టులు. చేతక్‌కి మోటార్ సైకిల్లా గొట్టాల ఫ్రేము ఉండదు, రేకు శరీరమే ఆధారం. బందరు ఉప్పుగాలికి ఆ రేకు ఎక్కడ తుప్పు తింటుందో పైకి కనపడదు. పట్టీలు బిగించినచోట రంగు గీకి చూస్తే వెంట్రుకవాసి పగులు! వెల్డింగు చేసి, అడుగున మందపాటి ఇనప బిళ్ల వేస్తేగానీ ఆయన బండి కదలనివ్వలేదు. నన్నడిగితే అన్నిటికన్నా భయపడాల్సింది ఆ పగులుకే.

ఖాళీగా వెళ్లాల్సినప్పుడు తొట్లో పాతిక కిలోల ఇసుక మూట వేసి కదలకుండా కట్టమన్నారు. ఎడమ మలుపుకి ముందే వేగం తగ్గించి ఒళ్లు ఎడమకి వంచాలి. చక్రం లేస్తే బ్రేకు జోలికి పోకుండా యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, హ్యాండిల్ కాస్త సరిచేస్తే దానంతటదే దిగుతుంది. కుడి మలుపులో చక్రం లేవదుగానీ బరువంతా తొట్టి ముక్కుమీద పడుతుంది. అక్కడా నిదానమే. మిల్లు చప్టామీద ఖాళీ తొట్టితో నాచేత చక్రం లేపించి దింపించారు. ఐదోసారికి గుండె దడ తగ్గింది.

ఇంకో సంగతి. 1988 మోటారు వాహనాల చట్టంలో మోటార్ సైకిల్ అన్న మాటకిచ్చిన అర్థంలోనే, విడదీయగలిగే సైడ్‌కార్ కూడా ఉంది. అలాగని ఎవరికి తోచినట్టు వాళ్లు తగిలించుకోకూడదు. ఆర్టీవో ఆఫీసులో అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి, బీమావాళ్లకీ చెప్పాలి. ఇప్పుడు పాత చేతక్‌లు, బుల్లెట్లు ముచ్చటపడి బాగుచేయించుకుంటున్న పిల్లలు మొదట రంగుల గురించి అడుగుతున్నారు. చెక్కలు, టేపు సంగతి అడిగినవాళ్లు నాకింకా తగల్లేదు.

ఆ ఏడాది నవంబరు 19న తెల్లవారకముందే బయల్దేరాం. పామర్రు దాటేదాకా అత్తగారు తొట్టి అంచు వదల్లేదు. కూచిపూడి మలుపులో కళ్లు మూసుకున్నారు. మోపిదేవిలో బండి ఆపితే స్వామికి దణ్ణం పెట్టుకుని, "ఇవాళ లాగట్లేదే" అన్నారు. పులిగడ్డ దాటి అవనిగడ్డలో టీకి ఆగుదామని చూస్తే, మెడ పక్కకి వాల్చి నిద్రపోతున్నారు. లేపలేదు. అలాగే నాగాయలంక రోడ్డెక్కాను.