పసివారి రక్తహీనత: మధ్యలో ఆగిపోయే చికిత్స

సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతంలో మరమగ్గాల చప్పుడు నడుమ తెలుగు మాట విరివిగా వినిపిస్తుంది. తెలంగాణ జిల్లాల నుండి నేతపనికై తరలివచ్చిన కుటుంబాలు అక్కడ తరాలుగా నివసిస్తున్నవి. గుజరాతీ, మరాఠీ, ఒడియా మొదలైన భాషలతోపాటు తెలుగులో కూడా నగరపాలక సంస్థ పాఠశాలలను నడుపుతూ వచ్చింది. ఈ పిల్లలు ఏ భాషలో అక్షరాలు దిద్దినా, వారిలో పెక్కుమందిని పీడించే లోపం ఒక్కటే, రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలలు మొదలు ఐదేళ్లలోపు పిల్లలలో ఈ లోపం గలవారు గుజరాత్‌లో 79.7 శాతం, తెలంగాణలో 70 శాతం. విడిచివచ్చిన ఊరికీ, చేరిన ఊరికీ ఈ విషయంలో పెద్ద తేడా లేదు.

రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ తయారీకి ఇనుము అవసరం. తల్లి గర్భంలో శిశువు కూడబెట్టుకున్న ఇనుము సుమారు ఆరు నెలలకు సరిపోతుంది. ఆపైన పాలతోనే పెంచితే లోటు తప్పదు, ఎందుకనగా పాలలో ఇనుము బహు స్వల్పం. ధాన్యాలలో, ఆకుకూరలలో ఉన్న ఇనుములో కొద్దిభాగమే ఒంటికి పడుతుంది. భోజనంతోపాటు త్రాగిన తేనీరు ఆ కొద్దిభాగాన్ని కూడా అడ్డగిస్తుంది. ఉసిరి, జామ, నిమ్మ దానికి తోడ్పడతాయి. కొంకి పురుగులుంటే ప్రేగులలో రక్తం నిత్యం నష్టమవుతుంది. పాలిపోయి, త్వరగా అలసిపోయే బిడ్డను, మట్టినీ బలపాలనూ తినే బిడ్డను సోమరి అనో, మొండి అనో దండించడం అన్యాయం.

చికిత్స కొత్తది కాదు, ఖరీదైనదీ కాదు. చిన్నపిల్లలకు శరీరపు బరువులో కిలోకు రోజుకు 3 మిల్లీగ్రాముల ఇనుము చొప్పున సాధారణంగా ఇస్తారు. అనగా పది కిలోల బిడ్డకు 30 మిల్లీగ్రాములు. ఇది అసలు ఇనుము లెక్క, మందు మొత్తం బరువు కాదు. 200 మిల్లీగ్రాముల ఎండు ఫెరస్ సల్ఫేట్ మాత్రలో అసలు ఇనుము సుమారు 65 మిల్లీగ్రాములే. కావున మోతాదును వైద్యుడే నిర్ణయించాలి. 2018లో ఆరంభమైన రక్తహీనత ముక్త్ భారత్ కార్యక్రమంలో పాఠశాలలలో వారానికొకసారి ఇచ్చే మాత్ర నివారణకు ఉద్దేశించినది. లోపం ఏర్పడిన బిడ్డకు అది చాలదు, రోజూ మందు కావాలి.

చిక్కంతా ఆ తరువాతనే. మందు మొదలైన కొద్దిరోజులకే బిడ్డకు ఆకలి పుడుతుంది, చిరాకు తగ్గుతుంది. నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ సుమారు ఒక గ్రాము పెరుగుతుంది. బుగ్గల్లో రంగు చూసి తల్లి సంతోషిస్తుంది, సీసా అటకెక్కుతుంది. నల్లని విరేచనం చూసి భయపడి మానేవారూ లేకపోలేదు. అది ఇనుము వలన కలిగే మార్పే గాని జబ్బు కాదు. అయితే అప్పటికి నిండినది రక్తమే, శరీరంలోని ఇనుప నిల్వలు ఇంకా ఖాళీయే. అవి నిండుటకు హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా రెండు మూడు నెలలు మందు సాగాలి. లేనిచో కొద్దికాలానికే పాలిపోవడం తిరిగివస్తుంది.

నెలరోజులు క్రమంగా వాడినా రక్తం పెరగకపోతే కారణం వేరు కావచ్చును. దక్షిణ గుజరాత్ గిరిజనులలో సికిల్ సెల్ వ్యాధి, మరికొన్ని వర్గాలలో తలసీమియా కనబడతాయి. ఇట్టివారికి, ముఖ్యంగా తరచు రక్తం ఎక్కించుకునేవారికి, పరీక్ష లేకుండా ఇనుమిస్తే మేలుకు బదులు కీడు జరుగవచ్చును. హిమోగ్లోబిన్ 7 గ్రాములకు దిగజారిన బిడ్డను ఆసుపత్రికే చేర్చాలి. తియ్యని సిరప్‌ను పిల్లలు ఒక్కసారిగా త్రాగితే ప్రాణాపాయం గనుక సీసా వారికందని చోట ఉండాలి.

సెలవులకు స్వగ్రామం వెళ్లే కుటుంబాలు మోతాదు వ్రాసిన చీటీని వెంట ఉంచుకుంటే, అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపి చికిత్సను తెగకుండా కొనసాగించుకోవచ్చును.