బోర్డు మీద లేని టిఫిన్లు

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా హైవే పక్కన ఏ హోటల్లో ఆగినా అదే పాట. ఇడ్లీ, వడ, పూరీ, మసాలా దోశ. మహా అయితే చివర్న ఉప్మా. ఇన్ని జిల్లాల్లో పొద్దున్నే తినేది ఇంతేనా? కాదు. కాకపోతే అసలైనవి బోర్డు ఎక్కవు. ఎందుకెక్కవో ఒక్కో ఊళ్లో పొయ్యి దగ్గర నిలబడితే తెలిసిపోతుంది.

నర్సాపురం, పాలకొల్లు వైపు దిబ్బరొట్టె చూడండి. మినప్పిండి, బియ్యపు రవ్వ, ఉప్పు. ఇంచుమించు ఇడ్లీ పిండే. పనంతా సెగదే. మందపాటి మూకుట్లో నూనె పోసి, పిండి దిబ్బలా వేసి, మూతపెట్టి ఆ మూత మీదా నిప్పులు పోస్తారు. కింద మంట పెరిగితే అడుగు మాడి నడుమ పచ్చిగా ఉండిపోతుంది, తగ్గితే పెచ్చు కట్టదు. తొందరపెడితే కాలేది కాదు. దించాక పైన ఎర్రగా కరకరలాడుతుంది, లోపల దూదే. దాని మీద చెరకు పానకం పోసిస్తారు. మినపరొట్టె మీద తీపేమిటని కొత్తవాళ్లు మొహం చిట్లిస్తారు. ఒక ముక్క పానకంలో, ఇంకో ముక్క కారంగా ఉన్న పచ్చడిలో ముంచి తిన్నవాళ్లు మళ్లీ ఆ మాట ఎత్తరు. ఒక్క రొట్టె కాలేలోపు పక్క పెనం మీద బోలెడు దోశలు దిగుతాయి. హోటల్ లెక్కలో దిబ్బరొట్టె ఓడిపోయేది అక్కడే.

అదే నర్సాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే సఖినేటిపల్లి. అక్కణ్నుంచి కోనసీమ. అంబాజీపేట పేరు చెబితే కొబ్బరి తర్వాత గుర్తొచ్చేది పొట్టిక్కలే. నాలుగు పనసాకుల్ని ఈనెపుల్లలతో బుట్టలా కుట్టి, అందులో పిండి పోసి ఆవిరికి పెడతారు. ఆకు ఒలిచేసరికి దాని పసరు వాసన ఇడ్లీకి పట్టి ఉంటుంది, ఈనెల గీతలు ఒంటినిండా అచ్చుపడి ఉంటాయి. పిండి రుబ్బడానికి గ్రైండరొచ్చింది గానీ బుట్టలు కుట్టాల్సింది ఇప్పటికీ చేత్తోనే. మంగళూరు, ఉడుపి వైపూ పనసాకు దొన్నెల్లో ఇడ్లీ వండుతారు. చెట్టు ఉన్నచోట ఆలోచన కూడా ఒకేలా మొలిచిందన్నమాట.

సీమలో కథ వేరు. కర్నూలు, అనంతపురం బండ్ల మీద ఉగ్గాని నిమిషాల్లో అయిపోతుంది. బొరుగులు నీళ్లలో తడిపి గట్టిగా పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లితే సరి. పక్కన మిరపకాయ బజ్జీ లేకుంటే దాన్ని ఉగ్గాని అనరు. చిక్కేమిటంటే ఇది నిలవ ఆగదు. చేసిన కాసేపటికే పొడిపొడిదనం పోతుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటుండగా బళ్లారి మైసూరుకు పోయింది. పొద్దుటి పళ్లెంలో మాత్రం ఆ గీత లేదు, బళ్లారిలోనూ ఉగ్గాని, బజ్జీయే.

ఇక తెలంగాణకొస్తే, హైదరాబాద్ పాతబస్తీలో పొద్దున్నే ఎర్రపప్పు ఖిచిడీ, ఖీమా, నువ్వులూ చింతపండుతో చేసిన ఖట్టా తింటారు. రుచి సంగతి తిన్నాక మీరే చెప్పండి. నన్నడిగితే వరంగల్, కరీంనగర్ వైపు సర్వపిండి ఇంకా విచిత్రం. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు, కారం కలిపి గంజు లోపల అడుగున ఒత్తి, వేళ్లతో చిల్లులు చేసి, నూనె వేసి కాలుస్తారు. ఒకటి కాలాక గంజు చల్లారితే తప్ప రెండోది ఒత్తలేరు. చెయ్యి కాలుతుంది మరి. ఏ హోటల్‌వాడు ఆగుతాడు? అందుకే అది ఇంట్లోనే ఎక్కువ ఉండిపోయింది. స్వగృహ దుకాణాల్లో సర్వపిండి దొరికినా పొయ్యి మీంచి దించినదాని రుచి రాదు.

కొన్ని నగర రెస్టారెంట్లు వీటిని ‘పల్లె రుచులు’ పేరుతో అమ్ముతున్నాయి. నాన్‌స్టిక్ గిన్నెలో గ్యాస్ మీద దించిన దిబ్బరొట్టె పెద్ద ఊతప్పమే. దానికి అంత ధర పెట్టక్కర్లేదు.

ఈసారి పని మీద ఏ ఊరెళ్లినా ఫోన్లో రేటింగులు చూడకండి. ఆటో అబ్బాయిని అడగండి, “తమ్ముడూ, పొద్దున్నే మీరేం తింటారిక్కడ?” అని. ఎనిమిది కొట్టకముందే వెళ్లండి, చిల్లర దగ్గరుంచుకోండి. దిబ్బరొట్టె అయితే వెళ్లగానే చెప్పి కూర్చోండి, కాలడానికి టైం పడుతుంది.